స్టీల్ పైపు బెండింగ్: నొక్కుకుపోవడం, కొలత తప్పడం, మెలి తిరగడం

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఐటీఐ ముగించి రేణిగుంట వైపు ఒక షెడ్డులో వైరింగ్ పనికి అప్రెంటిస్‌గా చేరావు. 25 ఎం.ఎం. హెవీ గేజ్ స్టీల్ పైపు (వైర్లు పోయే కండ్యూట్) వంచమంటే మూడు రకాలుగా తప్పుతోందన్నావు. వంపు దగ్గర పైపు నొక్కుకుపోయి కోడిగుడ్డులా అవుతోంది. 30 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెడితే 26 చిల్లరే వస్తోంది. ఆఫ్‌సెట్ (అడ్డొచ్చిన దాన్ని తప్పించడానికి ఎదురెదురుగా ఇచ్చే రెండు వంపులు) చేస్తే రెండో వంపు పక్కకు మెలి తిరుగుతోంది. మేస్త్రీ మాత్రం "చేతిలో సత్తువ లేదురా" అంటున్నాడని బాధపడ్డావు.

సత్తువ సంగతి వదిలెయ్. నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. బక్కపలుచటి మనిషిని, ఇప్పటికీ 25 పైపు ఒక్కణ్ణే వంచుతాను. నీ మూడు తప్పులూ లివర్ పట్టుకోకముందే జరుగుతున్నాయి. లాగేటప్పుడు అవి బయటపడుతున్నాయి, అంతే.

ముందు నొక్కుకుపోయే సంగతి. నీ ప్రశ్నలో నువ్వే ఒక మాట రాశావు, దాన్ని నువ్వు పట్టించుకోలేదు గానీ జవాబు అక్కడే ఉంది: "మిషన్ ప్లంబర్ల దగ్గర తెచ్చాం, అంగుళం ఫార్మర్ బిగించాం." ఫార్మర్ అంటే పైపు కూర్చుని వంగే గాడి ఉన్న చక్రం. మనవాళ్లు 25 పైపును అంగుళం పైపు అనే పిలుస్తారు కాబట్టి అంగుళం ఫార్మర్ సరిపోతుందనుకున్నారు. సరిపోదు. కండ్యూట్‌కి చెప్పే సైజు పైపు బయటి కొలత. మన స్టీల్ కండ్యూట్‌కి ఉన్న ఐ.ఎస్. 9537 అనే భారత ప్రమాణం ప్రకారం 25 అంటే బయట పట్టి కొలిస్తే 25 మిల్లీమీటర్లు. నీళ్ల జి.ఐ. పైపుకి చెప్పే అంగుళం దాదాపుగా లోపలి బోలు కొలత. దాని బయటి కొలత 33 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. అంటే ఆ ఫార్మర్ గాడి 33 పైపు కూర్చోడానికి చేసింది. అందులో నీ 25 పైపు పెడితే అడుగున ఒక్క గీత మీదే ఆనుతుంది, రెండు పక్కలా ఆసరా ఉండదు. లివర్ లాగగానే పైపు ఆ ఖాళీలోకి పరుచుకుంటుంది. ఎంత బలవంతుడు లాగినా అదే జరుగుతుంది. పోనీ ముప్పావు అంగుళం ఫార్మర్ పెడదామంటే అదీ దాదాపు 27 మిల్లీమీటర్ల పైపుది. కాస్త నయమే గానీ వదులు వదులే.

కాబట్టి వెర్నియర్ (మిల్లీమీటర్లలో కొలిచే దవడల స్కేలు) తీసుకుని గాడి వెడల్పు కొలువు. వెర్నియర్ లేకపోతే చిన్న పైపు ముక్కను గాడిలో పెట్టి వేలితో అటూ ఇటూ ఆడించు. కటకటమని కదిలితే అది నీ ఫార్మర్ కాదు. కండ్యూట్ ఫార్మర్‌లో పైపు సగం దాకా బిగుతుగా కూర్చుంటుంది, బయటికి తియ్యాలంటే చిన్నగా తట్టాలి.

యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకుంటున్నానని కూడా రాశావు. చూడు, తప్పులేదు. కానీ అందులో చాలా భాగం అమెరికా వాళ్ల ఈ.ఎం.టీ. పైపు. దాని గోడ పలచన, దానికి థ్రెడ్డింగ్ ఉండదు, కాలితో తొక్కి వంచేస్తారు. మన 25 పైపు గోడ 1.6 మిల్లీమీటర్లు. వాళ్ల ముప్పావు అంగుళం పైపు బయటి కొలత 23.4 మిల్లీమీటర్లు, గోడ 1.24. అంటే మన పైపు వాళ్ల ముప్పావు బెండర్‌లో దూరదు, అంగుళం బెండర్‌లో వదులవుతుంది. వాళ్లు చెప్పే "5 అంగుళాలు తీసెయ్, 6 అంగుళాలు తీసెయ్" లెక్కలు వాళ్ల బెండర్ల మీద బాణం గుర్తుకి కట్టినవి. అవి బట్టీ పట్టి ఇక్కడ వాడితే పైపు పాడు. వాటిలో మనకు పనికొచ్చేది కోణాల లెక్క ఒక్కటే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంకొకటి, అతుకు. పైపు మూతిలో ముందు ఆకురాయితో అంచు నున్నగా చేసి, వేలు పెట్టి చుట్టూ తిప్పు. ఒకచోట సన్నని గట్టులా తగులుతుంది. అది వెల్డింగ్ అతుకు, పైపు పొడవునా ఉంటుంది. వంపు లోపలి వైపు లోహం కుంచించుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, పక్కలకు రెండూ తక్కువ. అతుకును పక్కకు పెట్టి వంచాలి. బయటి వైపు పెడితే ఒక్కోసారి అక్కడే చీలిక వస్తుంది, లోపలికి పెడితే ముడతపడుతుంది. ఈ అతుకు గీత ఎక్కడుందో పైపు మీద సుద్దతో గుర్తు పెట్టుకో, ఆఫ్‌సెట్ దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది.

ఇప్పుడు కొలత సంగతి. నీకు పోతున్న ఆ నాలుగు సెంటీమీటర్లు ఎక్కడికి పోతున్నాయో చూద్దాం. దీన్ని కాస్త నిదానంగా చదువు.

పైపు మూలలో చదరంగా తిరగదు, గుండ్రంగా తిరుగుతుంది. గోడ మీద నువ్వు టేపుతో కొలిచినప్పుడు మాత్రం మూల దాకా పోయి, మూల నుంచి మళ్లీ కొలుస్తావు. పైపు ఆ మూలను తప్పించి గుండ్రంగా పోతుంది, ఆ గుండ్రంలోకి నువ్వు కొలిచిన పొడవులో కొంత వెళ్లిపోతుంది. మన స్పెసిఫికేషన్ల ప్రకారం వంపు రేడియస్ 7.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. నీ ఫార్మర్ లోపలి రేడియస్ సరిగ్గా 7.5 అనుకుందాం. 25 పైపుకి మధ్య గీత రేడియస్ 8.75 అవుతుంది. పావు చుట్టుకి ఆ గీత పొడవు దాదాపు 13.75 సెంటీమీటర్లు. కొలిచిన చివర లివర్‌తో లేచే వైపు ఉంటే ఈ 13.75 ఆ 30 లోంచే పోతుంది, దానికి బదులు వంపు వీపు దాకా వచ్చేది 7.5 రేడియస్, 2.5 పైపు మందం కలిపి 10 మాత్రమే. తేడా 3.75. నీకు "26 చిల్లరే" వస్తోందన్నావే, 30 లోంచి 3.75 తీస్తే 26.25. లెక్క కరెక్టుగా నీ తప్పు మీదికే వచ్చింది చూడు.

అయితే ఇక్కడ ఒక మడత పేచీ ఉంది, చాలామంది మేస్త్రీలు కూడా దీన్ని చెయ్యి అలవాటుతో దాటేస్తారు గానీ నోటితో చెప్పలేరు. అదే ఫార్మర్, అదే 30 గుర్తు, గుర్తును ఫార్మర్‌లో వంపు మొదలయ్యే చోటే పెట్టావు. కొలిచిన చివర లివర్‌తో పాటు పైకి లేచే వైపు ఉంటే చివర నుంచి వంపు వీపు దాకా 26.25 వస్తుంది. పైపును తిప్పి, కొలిచిన చివరను కదలకుండా పట్టి ఉంచే కొక్కెం వైపు పెట్టి వంచితే 40 వస్తుంది. ఎందుకంటే గుర్తు నుంచి వంపు వీపు దాకా 7.5 రేడియస్, దానికి పైపు మందం 2.5 కలిస్తే పది. ఒకే గుర్తుకి రెండు జవాబులు. నీ పక్కన పని చేసే కుర్రాడికి ఎక్కువ, నీకు తక్కువ వస్తోందని రాశావు కదా, మీరిద్దరూ పైపును చెరోవైపు నుంచి ఎక్కిస్తున్నారు, అంతకు మించి ఏమీ లేదు.

నీ ఫార్మర్ సరిగ్గా 7.5 ఉంటుందని నేను చెప్పలేను. అందుకే నా లెక్క నమ్మొద్దు, నీ మిషన్‌నే అడుగు. 60 సెంటీమీటర్ల ముక్కలు రెండు తీసుకో, స్క్రాప్‌లో దొరుకుతాయి. రెండింటికీ 30 దగ్గర గుర్తు గీసి, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి వంచు. మూలమట్టం పెట్టి 90 వచ్చిందని చూసుకుని, కొలిచిన చివర నుంచి వంపు వీపు దాకా టేపు పట్టు. ఒక దాంట్లో ఎంత తగ్గింది, ఇంకో దాంట్లో ఎంత పెరిగింది, ఆ రెండు అంకెలే నీ మిషన్ జాతకం. పెయింటుతో మిషన్ కాలి మీద రాసిపెట్టు. లేచే వైపు చివర నుంచి 30 కావాలంటే గుర్తు 33.75 దగ్గర, కొక్కెం వైపు చివర నుంచి 30 కావాలంటే 20 దగ్గర, ఇట్లా నీ అంకెలతో. అరగంట పని. మా ఊళ్లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను చేయించేది ఇదే. రెండు ముక్కలు పాడైతే పాడయ్యాయి, నిండు పైపు పొడవు మూడు మీటర్లు, అది పాడు చేసుకోవడం కంటే నయం.

90 దగ్గర లివర్ ఆపి వదిలితే పైపు కొంచెం వెనక్కి విచ్చుకుంటుంది. స్టీల్ గుణం అది. రెండు మూడు డిగ్రీలు ఎక్కువ లాగి వదలాలి. ఎంత ఎక్కువన్నది కూడా ఆ టెస్టు ముక్క మీదే తెలిసిపోతుంది. మరీ ఎక్కువ వంగితే సరిచేయడం కష్టం, వెనక్కి విప్పేటప్పుడే పైపు దెబ్బతింటుంది. అందుకని తక్కువ దగ్గర ఆపి, చూసి, మళ్లీ లాగు.

సైటు మీద మిషన్ లేక హిక్కీతో (పైపుకు తగిలించి చేత్తో లాగి వంచే పనిముట్టు) వంచాల్సి వస్తే పద్ధతి వేరు. హిక్కీకి రేడియస్ నువ్వే ఇవ్వాలి. ఒకేచోట పెట్టి లాగితే మెడ విరిగిన కోడిలా అవుతుంది. పది పదిహేను డిగ్రీలు లాగు, రెండు వేళ్ల వెడల్పు ముందుకు జరుపు, మళ్లీ లాగు. నేల మీద సుద్దతో పావు చుట్టు గీసుకుని ప్రతి లాగుకీ పైపును దాని మీద పెట్టి చూసుకో. మా గురువు దీనికి 8 గేజ్ జి.ఐ. తీగ వాడేవాడు. గోడ దగ్గర తీగను కావలసినట్టు వంచి, దాన్నే నేల మీద పరిచి, పైపును తీగకు తగ్గట్టు తెచ్చేవాడు. టేపు, లెక్క ఏమీ లేవు. దూలాల చుట్టూ తిరిగే వంకర రూట్లకు ఇప్పటికీ నేను అదే చేస్తాను.

పెద్ద పైపు, సరైన ఫార్మర్ లేని చోట ఇసుక నింపి వంచడం పాతకాలం పద్ధతి. స్వర్ణముఖి ఇసుక మంచిది అంటారు మనవాళ్లు, ఏ ఇసుకైనా జల్లించి ఎండలో బాగా ఆరబెట్టింది కావాలి. ఒక మూతికి చెక్క బిరడా కొట్టి, పైపును తట్టుతూ నింపి, రెండో బిరడా కొట్టు. తడి ఇసుక నింపి గ్యాసు మంట పెట్టావంటే లోపల ఆవిరి పట్టి బిరడా తూటాలా ఎగురుతుంది. అసలు కండ్యూట్‌కి మంట వద్దనే చెబుతాను. నల్ల ఎనామిల్ కాలిపోతుంది, జి.ఐ. పూత అయితే జింకు పొగ వస్తుంది, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఇక పీవీసీ పైపులో పెట్టే స్ప్రింగు స్టీల్ పైపులో పెట్టడం ఒకచోట చూశాను. స్ప్రింగు లోపలే ఇరుక్కుపోయింది.

మూడోది, మెలి. ఆఫ్‌సెట్‌లో మొదటి వంపు అయ్యాక పైపును సగం చుట్టు తిప్పి రెండోది వంచుతావు. ఆ తిప్పడంలో రెండు డిగ్రీలు తేడా వచ్చినా, పైపు గోడకు ఆనించేసరికి ఒక చివర గాల్లో లేస్తుంది. సుద్దతో పెట్టమన్నానే అతుకు గీత, అది ఇక్కడ పనికొస్తుంది. మొదటి వంపులో గీత సరిగ్గా కుడి పక్కన ఉంటే, తిప్పాక సరిగ్గా ఎడమ పక్కన అంతే ఎత్తులో ఉండాలి. కంటితో కాదు, ఫార్మర్ అంచు నుంచి గీత దాకా స్కేలు పెట్టి చూడు. ఇంకా అనుమానంగా ఉంటే, తిప్పాక వంగిన కాలు దగ్గర గుండు దారం పట్టి పైపు చివర వైపు నుంచి చూడు, దారం, కాలు ఒకే గీతలో కనబడాలి. మిషన్ కూడా రసమట్టం పెట్టి లెవెల్‌గా నిలబెట్టి ఉండాలి, లేకపోతే ఈ గుండు నీకు అబద్ధం చెబుతుంది.

ఆఫ్‌సెట్ కొలత సులువు. 30 డిగ్రీలకు వంచితే, ఎంత ఎత్తు తప్పించాలో దానికి రెండింతలు రెండు గుర్తుల మధ్య దూరం. దూలం 8 సెంటీమీటర్లు ముందుకొచ్చి ఉంటే గుర్తుల మధ్య 16. 45 డిగ్రీలకైతే 1.41తో గుణించు, అంటే 11.3. వంకరగా పోవడం వల్ల పైపు ముందుకు చేరే దూరం తగ్గుతుంది. 30 డిగ్రీలకి ఎత్తులో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ, 8కి 2.1 సెంటీమీటర్లు. గుర్తులు పెట్టేముందే ఆ 2.1 కలిపి ముందుకు జరుపు. అడ్డంగా పోయే నీళ్ల పైపు దాటించాలంటే మూడు వంపులు: మధ్యలో 45, రెండు పక్కలా 22.5. పక్క గుర్తులు మధ్య గుర్తు నుంచి ఎత్తుకి రెండున్నర రెట్లు దూరంలో. 4 సెంటీమీటర్ల పైపు దాటాలంటే అటు పది, ఇటు పది. నీకు వీలుంటే ఎప్పుడూ 30కే మొగ్గు చూపు. 45 చూడ్డానికి కుదురుగా ఉంటుంది, వైరు లాగేవాడికి మాత్రం నరకం.

వైరు లాగేవాడంటే గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. జూన్ నెల, తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరి ఉన్నాయి, లోపల కొత్త లైను ఇంకా రెడీ కాలేదు. టెన్షన్‌లో నేను ఒక మోటారుకి పోయే పైపులో బాక్సు నుంచి బాక్సుకి ఐదు పెద్ద వంపులు పెట్టేశాను. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) స్పెసిఫికేషన్లో అవుట్‌లెట్ నుంచి అవుట్‌లెట్‌కి నాలుగు క్వార్టర్ బెండ్లకు, అంటే 90 డిగ్రీల వంపులకు మించొద్దని ఉందని అప్పటికే నాకు తెలుసు. "ఒకటి ఎక్కువైతే ఏమవుతుందిలే" అనుకున్నాను. ముగ్గురం కలిసి లాగాం, సబ్బు నీళ్లు పోశాం, వైరు వచ్చేసింది, చప్పట్లు కూడా కొట్టుకున్నాం. వారం తర్వాత నేల కడిగేటప్పుడు మోటారు ట్రిప్. మళ్లీ పెడితే మళ్లీ ట్రిప్. వైరు బయటికి లాగి చూస్తే ఒక వైరు మీద వేలెడంత పొడవున పీవీసీ చెక్కుకుపోయి రాగి కనబడుతోంది. పైపు కోసిన చోట అంచు ఆకురాయి పట్టలేదు, అది కూడా నేనే. ఐదో వంపు వల్ల అంత బలంగా లాగాల్సి వచ్చింది, ఆ బలానికి అంచు కత్తిలా కోసింది. ఆ రాత్రి పైపు విప్పి మధ్యలో ఒక ఇన్‌స్పెక్షన్ బాక్సు పెట్టాను. మూడు నిమిషాల్లో వైరు దూరింది, ఒక్కణ్ణే లాగాను.

అందుకే వంచాక పైపును బిగించేముందు ఒక పరీక్ష చెయ్. ముప్పావు అంగుళం బేరింగ్ గుండు ఒకటి ఆటో మెకానిక్ దగ్గర దొరుకుతుంది, 19 మిల్లీమీటర్లు. నీ 25 పైపు లోపలి బోలు దాదాపు 21.8. గుండును ఒక మూతిలో వేసి పైపును ఎత్తు. గలగలమంటూ అటు నుంచి బయటపడితే వంపు బాగున్నట్టే. మధ్యలో ఆగిపోతే ఆ పైపు వాడొద్దు, పై నుంచి ఎంత బాగా కనబడినా సరే.

వంపులు వైరు లెక్కను కూడా మారుస్తాయి. 25 పైపులో 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లు తిన్నగా పోయే రూటులో పది దాకా పెట్టొచ్చని పట్టిక చెబుతుంది. 15 డిగ్రీలకు మించి వంపు తిరిగితే అదే పైపుకి ఎనిమిదే. సూపర్‌వైజరు "ఇంకో రెండు లాగేయ్" అన్నప్పుడు ఈ అంకె చెప్పు. స్టీల్ పైపు కాబట్టి ఒక సర్క్యూట్ ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే పైపులో పోవాలి, వేరు చేస్తే పైపే వేడెక్కుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సాడిల్ (పైపును గోడకు పట్టి ఉంచే క్లిప్పు) మీటరుకి ఒకటి, వంపుకి అటూ ఇటూ 30 సెంటీమీటర్లలో ఒక్కోటి. వంపు తర్వాత మిగిలే కాలు పొట్టిగా ఉంటే థ్రెడ్డింగ్ ముందే కొట్టుకో, తర్వాత డై హ్యాండిల్ తిరగడానికి చోటుండదు. కప్లర్ (రెండు పైపులు కలిపే ముక్క) బయట మిగిలిన థ్రెడ్డు మీద రంగు పూయి, గుజ్జు ఫ్యాక్టరీల్లాంటి తడి చోట అక్కడే మొదట తుప్పు పడుతుంది. లివర్ లాగేటప్పుడు దాని మీద ఒరిగి బరువు వెయ్యొద్దు, జారిందంటే గడ్డం పగులుతుంది. మూడు మీటర్ల పైపు భుజాన వేసుకుని షెడ్డు బయట తిరిగేటప్పుడు పైన లైను ఎక్కడుందో ఒకసారి తలెత్తి చూడు.

సొంతంగా హిక్కీ కొనుక్కోవాలా అని అడిగావు. 20 పైపుకి ఒకటి కొనుక్కో, ఇల్లూ దుకాణాల పనిలో అదే ఎక్కువ తగులుతుంది. 25కి కంపెనీ మిషనే వాడు, కాకపోతే ఫార్మర్ మార్పించు. మేస్త్రీతో వాదన పెట్టుకోకు. వెర్నియర్ ఆయన చేతికే ఇచ్చి "అన్నా, ఈ గాడి ఒకసారి కొలిచి చెప్తావా" అని అడుగు. 33 అని ఆయన నోటి నుంచే రానీ. ఫార్మర్ పక్కన ఏదైనా అంకె కొట్టి ఉంటే అది కూడా చూసి నాకు చెప్పు, ఏ పైపుదో చూద్దాం.